కపిలె బారిలో ప్రిపొజిషన్లు

రాయలసీమకు ఇంగ్లీషు ప్రిపొజిషన్లను తెచ్చినవాణ్ణి నేనే. ఈ మాట చాలా సభల్లో చెప్పాను. ఎవరూ లేచి కాదనకపోవడంతో నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. ఇప్పుడు మీలాంటి కుర్ర టీచర్లు చదువుతారని రాస్తున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకుంటాను. నాకు నూరేళ్ల ముందే దొరలు కలెక్టరు కచేరీతో పాటు ఇన్, ఆన్, ఎట్‌లను కూడా కడపలో దించిపోయారు. నేను తెచ్చింది నా ట్రంకుపెట్టెలో ఒక్క గ్రామరు పుస్తకం. అదీ మా మేనమామది.

పెట్టెలో, బల్ల మీద, గోడ వెనక అని మనం మాటకు తోకలాగా తగిలించేవాటిని ఇంగ్లీషువాళ్లు మాటకు ముందు నడిపిస్తారు. ప్రిపొజిషన్లంటే అవే. మా బడి తెలుగు పండితుడు దీని గురించి విని, "మా విభక్తులు పాపం వెనకాల నడుస్తాయి, మీవి ముందు నడుస్తాయి. దొరల ఇంటి నౌకర్లు గదా, దారి తొలగమని అరుస్తా పోతాయి" అనేవాడు. ఆయనకు నా మీద అసూయ అనుకునేవాణ్ణి. నిజానికి ఆయనకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. ఆ సంగతి నాకు మూడేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

నా బడి ఉన్న ఊరు కోయిలకుంట్లకు నాలుగు కోసుల దూరం. నల్లరేగడి నేల. వానొస్తే బురద చెప్పుల్ని ఊడబెరుక్కునేది, రాకపోతే నెర్రెల్లో కాలు ఇరుక్కునేది. కడప టౌనులో పుట్టి, బి.ఎ., బి.టి. చదివి, ఇరవై నాలుగేళ్లకు నేను ఆ బడికి ఇంగ్లీషు మాస్టరుగా పోయాను. టెంపరరీ పోస్టు. నా క్లాసులో నూరుమంది పిల్లలని చెప్పుకునేవాణ్ణి. ఇరవై ఆరు మంది. అందులో ఒక్కతే ఆడపిల్ల.

బడి ఫోర్త్ ఫారంతో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతితో ఆగిపోయేది. ఫిఫ్త్ ఫారం పెట్టాలంటే కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బాగుందని రాయాలి. హెడ్మాస్టరు ముక్కుపొడుం పీలుస్తూ ఒకరోజు నన్ను పిలిచాడు.

"చూడప్పా, అంతా నీ చేతుల్లోనే ఉండాది. ఆ ఇన్‌స్పెక్టరుకు లెక్కలు పట్టవు, సైన్సు పట్టదు. నేరుగా ఇంగ్లీషు క్లాసుకు పోయి కూచుంటాడు. ప్రిపొజిషన్లు అడుగుతాడంట. అవి వచ్చినాయా, పిల్లోళ్లు వచ్చినట్లు. అవి రాలేదా, ఏమీ రానట్లు."

"ఫిఫ్త్ ఫారం ఇయ్యకపోతే ఏమైతాది సార్?"

"ఏమైతాది. ఇద్దరో ముగ్గురో కోయిలకుంట్లకు పోతారు. తక్కినోళ్లు మడక పట్టుకోని సేద్యానికి పోతారు. ఆ పాప ఉండాదే, ఆ పాపను నాలుగు కోసులు ఎవరు పంపుతారు? దాని చదువు ఈడికి అయిపోయినట్లే."

ఆ మాట విని నా గుండె బరువెక్కిందని రాయాలనుంది. నా టెంపరరీ పోస్టు గురించే ముందు ఆలోచించాను. పాప గురించి ఆలోచించింది ఆ తర్వాత.

పని మొదలుపెట్టాను. అప్పట్లో బి.టి. కాలేజీల్లో వస్తువు చూపించి మాట చెప్పమనేవారు. నేను అయిదు వస్తువులు ఏర్పాటు చేశాను. డస్టరు టేబుల్ మీద. ఇంకుబుడ్డి డస్టరు పక్కన. చాక్‌పీసుల డబ్బా టేబుల్ కింద. బెత్తం తలుపు వెనక. భూగోళం బీరువాకూ గోడకూ మధ్య. నేను అడుగుతాను, ఇరవై ఆరు మంది కలిసి చెబుతారు. రోజూ అరగంట, మూడు వారాలు. ఊడ్చేటప్పుడు వస్తువులు అటూ ఇటూ జరిగితే పిల్లలు గందరగోళపడతారని ఒక్కొక్కదాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాను. గీత దాటి ఏదీ కదలకూడదని ఆర్డరు.

తెలుగు పండితుడు కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏమప్పా, డస్టరుకు పర్మనెంటు పోస్టింగు ఇచ్చేసినావే. నీకెప్పుడిస్తారో."

నేను నవ్వలేదు. ఆయన రోజంతా నవ్వుకున్నాడు.

ఇక ఆ పాప. రోజూ మొదటి గంట సగం గడిచాక, పాదాలకు బురదతో వచ్చి కూర్చునేది. ఇట్లయితే ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కూడా లేటుగా వచ్చి పరువు తీస్తుందని, వాళ్ల నాయనతో మాట్లాడదామని పోయాను. బడి కంచెకు ఆనుకునే ఆయన తోట. బావి దగ్గర కపిలె తోలుతున్నాడు.

మీలో చాలామంది కపిలె చూసి ఉండరు. బావి ఒడ్డున గిలక, గిలక మీదుగా లావు మోకు, మోకు చివర ఇనప బాన. బాన అడుగున తోలు తొండం. రెండో కొస ఎద్దుల కాడికి. బావి నుంచి కిందికి ఏటవాలుగా తవ్విన దారిని బారి అంటారు. ఎద్దులు బారి దిగుతుంటే బాన నీళ్లతో పైకొస్తుంది, తొండంలోంచి నీళ్లు తొట్టిలో పడతాయి. తర్వాత ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తూ బారి ఎక్కుతాయి, బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. ఎద్దులు బారి దిగేటప్పుడు మనిషి మోకు మీద కూర్చుని బరువేస్తాడు. పొద్దున్నుంచీ ఇంతే.

"రా అయివోరా" అన్నాడాయన, మోకు దిగకుండానే. ఆ ఊళ్లో అయ్యవారిని అట్లాగే పిలుస్తారు, నువ్వనే అంటారు, అందులో అమర్యాద ఏమీ ఉండదు. "ఏం ఇట్లొచ్చినావు?"

"మీ పాప రోజూ లేటుగా వస్తాంది."

"నాకు ఇంకో మనిషి లేడప్పా. నేను కపిలె తోలితే మడవ తిప్పేది ఆ పాపే. నీళ్లు ఈ మడి నుంచి ఆ మడికి మళ్లించకుంటే ఎట్ల? జొన్న ఎండిపోతాది." ఎద్దుల్ని ఒకసారి అదిలించి అన్నాడు, "ఏందో పాడతాంటాది గదా, డస్టరు, టేబుల్ అని. అదేంది?"

నేను ప్రిపొజిషన్ల గొప్పతనాన్ని ఆయనకు అరగంట బోధించాను. అరగంట కాదు, రెండు బానల నీళ్లు పైకొచ్చేంతసేపు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఇదో, ఇప్పుడు బాన బాయిలో ఉండాది. ఏమంటారు?"

"ఇన్ ది వెల్."

"దిగుతాండేటప్పుడు?"

"ఇన్‌టు ది వెల్."

"నీళ్లు తీసుకోని పైకొస్తాంటే?"

"అవుటాఫ్ ది వెల్."

ఆయన ఎద్దుల్ని నిలబెట్టాడు. "అంటే బాన కదిలితే మాట మారతాది."

"మారతాది."

"నీ డస్టరు కదలదంట గదా. ముగ్గు గీసి కూచోబెట్టినావంట. అది కదలకుంటే పిల్లోళ్లకు మాట తెలిసిందో, ముగ్గు తెలిసిందో నీకెట్ల తెలుస్తాది అయివోరా?"

ఇప్పటి నేనైతే అక్కడికక్కడ ఆయన కాళ్లకు మొక్కేవాణ్ణి. అప్పటి నేను ఇట్లా అన్నాను: "నువ్వు ఎద్దుల్ని తోలుకో పెద్దప్పా. ఇంగ్లీషు నేను తోలతా."

"సరే, తోలు. బారి దాటి పోనీకుండా చూసుకో" అని నవ్వి మళ్లీ మోకెక్కాడు.

మరుసటి రోజు నుంచి ఆ పాప బడి వదిలాక ఒక్క ప్రశ్నతో నా వెనక పడడం మొదలుపెట్టింది. నేను టీ తాగడానికి పోయే సమయం అది. ఒక కాలు వాకిట్లో పెట్టి సమాధానం చెప్పేవాణ్ణి.

"సార్, మా నాయిన మోకు మీద కూచుంటాడు. ఏమనాల?"

"ఆన్ ది రోప్. పోమ్మా ఇంటికి."

"సార్, నీళ్లు తొండంలో నుంచి వస్తాయే?"

"త్రూ."

"మోకు గిలక మీద పోతాది. ఆన్ అనాల్నా?"

"ఓవర్. ఓవర్ ది వీల్. ఎన్ని అడుగుతావమ్మా, పరీక్షలో బావులుండవు."

పదిహేను రోజులు అడిగింది. ఆ ప్రశ్నలు ఎవరు పంపుతున్నారో నాకు తెలుసు. పట్టించుకోలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు వచ్చింది. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. ప్రభుత్వమే గుడారాల్లో నడుస్తుంటే ఇన్‌స్పెక్టరుకు జీపెక్కడిది. కోయిలకుంట్ల దాకా బస్సులో, అక్కడి నుంచి ఎద్దులబండిలో, తలపాగా నుంచి బూట్ల దాకా దుమ్ముతో దిగాడు. చిన్న మనిషి, నెమ్మదైన గొంతు. నేరుగా వచ్చి వెనక బెంచీలో కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు.

నేను మొదలుపెట్టాను. వేర్ ఈజ్ ది డస్టర్? ది డస్టర్ ఈజ్ ఆన్ ది టేబుల్. వేర్ ఈజ్ ది స్టిక్? ది స్టిక్ ఈజ్ బిహైండ్ ది డోర్. ఒక్క గొంతు జారలేదు. గుమ్మంలో నిలబడిన హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది. ఆ అయిదు నిమిషాలు నేను చక్రవర్తిని.

ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి డస్టరు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీలో పెట్టాడు.

"వేర్ ఈజ్ ది డస్టర్?"

"ది డస్టర్ ఈజ్ ఆన్ ది టేబుల్."

ఇరవై అయిదు గొంతులు. ఇరవై ఆరో గొంతు మాత్రం మెల్లగా 'విండో' అని ఏదో అనబోయింది. బృందగానంలో ఆ అపశ్రుతి ఎక్కడిదా అని చూస్తే పాప. కళ్లెర్ర చేశాను. నోరు మూసుకుంది. ఈ ముక్క నేను ఏ సభలోనూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు డస్టరు తీసి ఈసారి తన తలపాగా మీదే పెట్టుకున్నాడు. "వేర్ ఈజ్ ది డస్టర్ నౌ?"

ఇందాక చాలినంత గట్టిగా చెప్పలేదేమో, అందుకే మళ్లీ అడుగుతున్నాడని పిల్లలు అనుకున్నారు. మిద్దె అదిరేలాగా చెప్పారు, టేబుల్ మీదుందని.

ఆయన నవ్వలేదు. డస్టరు తీసి నా చేతికిచ్చాడు. "మాస్టారూ, ఇది పాఠం కాదు, భజన" అన్నాడు. నోటుపుస్తకంలో రెండు లైన్లు రాసి మూశాడు. హెడ్మాస్టరు పీల్చబోయిన ముక్కుపొడుం వేళ్ల మధ్యనే ఉండిపోయింది.

తలపాగా నిండా చాక్‌పీసు పొడి. మొహం కడుక్కోవాలన్నాడు. బడిలో ఉన్న ఒక్క కుండ నీళ్లు తాగడానికే సరిపోవు. హెడ్మాస్టరు కంచె దాటించి కపిలె దగ్గరికి తీసుకుపోయాడు. వెనక నేను, నా వెనక ఇరవై ఆరు మంది. వాళ్లను కూర్చోమని చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

తొట్టి దగ్గర ఆయన మొహం కడుక్కుంటుంటే కపిలె తోలే పెద్దప్ప మోకు మీద నుంచే అడిగాడు. "ఏమాయ సామీ? ఫిఫ్త్ ఫారం ఇచ్చినట్లేనా?"

హెడ్మాస్టరు నేల చూపులు చూశాడు. ఇన్‌స్పెక్టరే చెప్పాడు. "ఈ సంవత్సరానికి కష్టం పెద్దాయనా. పిల్లలకు ఇంగ్లీషు రాలేదు."

ఆయన మోకు దిగాడు. బారి మధ్యలో ఎద్దుల్ని నిలబెట్టాడు. బాన బావిలో సగం దూరంలో వేలాడుతూ ఉంది.

"పాపా, ఇట్ల రా. బాన యాడుండాదో సామికి చెప్పు."

పాప నా వైపు చూసింది. ఈసారి నేను కళ్లెర్ర చేయలేదు. ఏదో ఔదార్యంతో కాదు, తల ఎత్తే మొహం లేక.

"ది బాన ఈజ్ ఇన్ ది వెల్" అంది.

"వాట్ ఈజ్ బాన?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"బాన ఈజ్ బాన, సార్" అంది.

పెద్దప్ప మళ్లీ మోకెక్కి ఎద్దుల్ని అదిలించాడు. అవి కదిలాయి, పాప గొంతూ కదిలింది. ఎద్దులు బారి కిందికి పోతున్నాయి. బాన బావిలోంచి వస్తోంది. మోకు గిలక మీదుగా పోతోంది. మా నాయన మోకు మీద కూర్చున్నాడు. నీళ్లు తొండంలోంచి వస్తున్నాయి, తొట్టిలోకి పడుతున్నాయి. అన్నీ ఇంగ్లీషులో, ఏది జరుగుతుంటే అది, జరిగే క్షణానికే. డౌన్, అవుటాఫ్, ఓవర్, ఆన్, త్రూ, ఇన్‌టు. నేను వాకిట్లో ఒక కాలు పెట్టి విసిరేసిన మాటలు ఒక్కొక్కటీ వాటి చోట్లలో నిలబడి కనిపించాయి.

ఇన్‌స్పెక్టరు చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. "నువ్వు చెప్పు" అని ఒక మగపిల్లవాణ్ణి ముందుకు లాగాడు. పాప చెప్పినవి విన్నాడు, పైగా వాడికీ ఇంట్లో కపిలె ఉంది. ఆ ఊళ్లో ఎవరికి లేదు. వాడు తప్పు చెప్పాడు, పక్కవాడు దిద్దాడు, ఇంకొకడు దిద్దినవాణ్ణి దిద్దాడు. ఇన్‌స్పెక్టరు చేయెత్తితే ఎద్దులు ఆగుతున్నాయి, దించితే నడుస్తున్నాయి. తిప్పేవాళ్లు లేక జొన్నచేలో ఒక మడి నిండి పొర్లింది. ఎవరూ చూడలేదు. తెలుగు పండితుడు కంచె అవతల నిలబడి ఒక్కో మాటకూ తలూపుతున్నాడు.

బాన అడుగు సగం నీళ్లలో మునిగి తక్కినది పైన ఉన్నప్పుడు పెద్దప్ప కపిలె ఆపాడు. "సామీ, సగం లోపల, సగం బయట. ఇప్పుడేమంటారు మీ భాషలో?"

ఇన్‌స్పెక్టరు వంగి బావిలోకి చూశాడు. "దీనికి పుస్తకం చూసుకోవాల పెద్దాయనా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆయన పళ్లు చూడడం అదే మొదలు.

తర్వాత నా వైపు తిరిగాడు.

"క్లాసులో ఆ భజన ఏంది, ఇక్కడ ఈ పాఠం ఏంది? ఇట్లా చెప్పాలనే ఆలోచన ఎవరిది?"

తెలుగులోనే అడిగాడు. పెద్దప్పకు, పాపకు, అందరికీ అర్థమయ్యేలాగా. నేను నోరు తెరిచాను.

"నాదే సార్" అన్నాను.

యాభై ఏళ్లుగా ఈ కథ చెబుతున్నాను, ఈ చోటికి రాగానే నా గొంతు గంభీరమయ్యేది. 'నాదే సార్ అని వినయంగా మనవి చేసుకున్నాను' అనేవాణ్ణి. చప్పట్లు పడేవి. ఆ మాట అన్నాక ఏం జరిగిందో చెప్పేవాణ్ణి కాదు. పాప తటాలున వాళ్ల నాయన వైపు తిరిగింది. ఏదో చెప్పబోతే ఆయన చేత్తో ఆపాడు. ఇన్‌స్పెక్టరుకు నా మీద అనుమానం పోలేదు. "ఏం పెద్దాయనా, నిజమేనా?" అని ఆయన్నే అడిగాడు.

"అయివోరిదే సామీ. నాకేం తెలుసు, నేను ఎద్దుల్ని తోలుకునేవాణ్ణి. శానా మంచి అయివోరు. ఇట్లాంటోడు ఉండంగా ఫిఫ్త్ ఫారం ఈడ కాకుండా ఇంక యాడ పెడతారు?"

ఇన్‌స్పెక్టరు ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, నోటుపుస్తకం తెరిచి ఇందాక రాసిన రెండు లైన్లు కొట్టేశాడు.

ఆయన బండెక్కి పోయాక నేను బావి దగ్గరికి తిరిగి పోయాను. తొట్టి పక్కన నిలబడ్డాను. పెద్దప్ప ఎద్దుల మెడలు నిమురుతున్నాడు.

"పెద్దప్పా, అట్ల అనకుండా ఉండాల్సింది నేను."

"అన్నావు గదా, అయిపాయ."

"నువ్వన్నా నిజం చెప్పాల్సింది."

"చెప్తే? అయివోరికి ఏమీ రాదు, కపిలెవాడు చెప్పించినాడని రాసుకోని పోతాడు. ఇస్కూలు ఎట్ల పెరుగుతాది?" ఆయన గొంతులో కోపం లేదు, బేరం తెగిన మనిషి నెమ్మది ఉంది. "పేరు కావాల్నంటే నువ్వు తీసుకో అయివోరా. నాకు ఫిఫ్త్ ఫారం కావాల."

తీసుకున్నాను. దాచేదేముంది. నా పోస్టు పర్మనెంటయింది. కర్నూలుకు పిలిచి టీచర్లందరి ముందు నమూనా పాఠం చెప్పమన్నారు. బల్ల మీద బొమ్మ కపిలె పెట్టి చెప్పాను. కడపలో చెప్పాను, ఇంకా చాలా ఊళ్లలో చెప్పాను. 'కపిలె మాస్టారు' అని పేరొచ్చింది. ఆ తర్వాత కరెంటు మోటార్లు వచ్చి కపిలెలు పోయాయి. పేరు మాత్రం నన్ను వదల్లేదు. చెప్పిన ప్రతిచోటా పిల్లలకు నిజంగానే ప్రిపొజిషన్లు వచ్చాయి, ఆ గర్వం నాకుంది, దాన్ని తగ్గించుకోను. కదలని వస్తువుతో నేను మళ్లీ ఎన్నడూ పాఠం చెప్పలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు నా నుంచి ఏదైనా తీసుకోదలిస్తే అది తీసుకోండి. తీసుకున్నాక ఎవరిదని అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి.

వానలు మొదలయ్యాక అనుమతి కాగితం వచ్చింది. ఫిఫ్త్ ఫారానికి గది లేదు, బెంచీలు లేవు, ఒక కొత్త రిజిస్టరు మాత్రం ఉంది. హెడ్మాస్టరు దాన్ని నా ముందుకు తోశాడు. పెద్దప్ప భుజాన తుండుగుడ్డతో గుమ్మం బయట నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. పాప కాళ్లు శుభ్రంగా కడుక్కుని, బడి గంట కొట్టక ముందే వచ్చి నా బల్ల ముందు నిలుచుంది. నేను కలం ఇంకులో ముంచి మొదటి పేజీలో, మొదటి వరసలో, ఆ పిల్ల పేరు రాశాను. సిరా ఎక్కువై చివరి అక్షరం పక్కన చిన్న మరక పడింది. ఆ పేరు రాసింది నేనే, మరక కూడా నాదే.